ఎలుక సాక్ష్యం

పోయిన ఎండాకాలం నా ఎడమ పక్కటెముకల మీద సర్పి లేచింది. మా మడికొండ వాడలో సర్పి అంటే డాక్టరు దాకా పోరు. ఎర్రమన్ను కలిపి దాని చుట్టూ పాము బొమ్మ గీయిస్తారు. నాకూ గీయించారు. పొక్కులు ఎండిపోయాయి గానీ మంట పోలేదు. రవిక తగిలినా కాలిన పెనం ఆనించినట్టుండేది. మనవరాలిని ఎత్తుకుంటే దాని మోకాలు తగిలి ప్రాణం పోయేది.

చివరికి దవాఖానలో డాక్టరమ్మ ఒక చిన్న గోలీ రాసింది. కొన్ని వారాలకు మంట దిగింది, పిల్లను చంకన వేసుకున్నాను.

మా వాడలో ఒక అలవాటుంది. గోలీలు ఎవరివైనా సరే, మందుల షాపులో చూపించి దేనికని అడగాల్సిందే. మా ఆడబిడ్డ నావి పట్టుకెళ్ళింది. మనసు బాగాలేనివాళ్ళకిచ్చేవని చెప్పారట.

"పిల్లను నాకియ్యి వదినె, నీకు జర మంచిగలేదట గదా," అని నా చేతుల్లోంచి లాక్కుంది.

"మంట ఒంట్ల లేదు, నీ తలకాయల ఉన్నది," అన్నాడు నా మొగుడు. గోలీలు మురికినీళ్ళ మోరీలో పారబోశాడు.

మంట మళ్ళీ లేచింది. కోపం దానికంటే ఎక్కువ మండింది. ఇద్దర్నీ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను.

"ఈ గోలీ మనసుకూ ఇస్తం, సర్పి పోయినంక మిగిలే నరాల మంటకూ ఇస్తం," అందామె. "నరం దెబ్బతిన్న ఎలుకల మీద గూడ చూసిండ్రు. సన్నటి పోగుతోని పాదం ముట్టుకుంటేనే కాలు గుంజుకునేటివి. ఇసొంటి మందులిచ్చినంక గుంజుకునుడు తగ్గింది."

"ఎలుకలకు గూడ తలకాయ ఖరాబైందా మేడం?" అని మొగుడి మొహంలోకి చూస్తూ అడిగాను.

ఆయన ఆటోలో దారంతా అదే మాట. "ఎలుకలకు గూడ పనిచేసిందంటనే! అయితే నీది నిజం నొప్పే."

"నేను ఏడిస్తే నమ్మకపోతివి. నోరులేని ఎలుక కాలు గుంజుకుంటె నమ్మినవు. థూ!"

ఆటో అతను అద్దంలో చూశాడు. చూడనీ అనుకున్నాను.

ఇంటికి రాగానే ఆడబిడ్డ పక్కింట్లో వదిలిన పిల్లను తెచ్చింది. "పట్టుకో వదినె."

పిల్ల రెండు చేతులూ చాచింది. నా పక్క భగభగ మండుతోంది.

"ఎట్ల పట్టుకోను? మీరు మోరీల పోసిన మందు మళ్ళ పనిచేసేదాక నువ్వే మొయ్యి."

పిల్ల ఏడుపందుకుంది. ఆడబిడ్డ గడపలోనే దాన్ని భుజానేసుకుని ఊపసాగింది.