కాలరుకు పెట్టిన పసుపు

మా అత్త దృష్టిలో నా ఉద్యోగం పేరు వాయిదా అడగడం. వీధిలో ఎవరైనా "మీ కోడలు కోర్టులో ఏం చేస్తాది?" అని అడిగితే, చేటలో వేరుశనగ విత్తనాలు ఏరుకుంటూనే "వాయిదా అడుగుతాది" అని చెప్పేది. ఆ మాటలో వెటకారం ఉంటే నేనూ రెండు మాటలు అనేదాన్ని. వెటకారం లేదు, ఉన్నదున్నట్టు చెప్పేది. అందుకే నాకు ఇంకా మండేది.

పెళ్లయి, పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలుపెట్టాక నేను లా చదివాను. పాసై ఒక సీనియర్ లాయరుగారి దగ్గర చేరి అప్పటికి మూడేళ్లు. ఆ మూడేళ్లలో కోర్టులో నేను పలికింది ఒకటే వాక్యం. "మా సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు సార్, వాయిదా ఇప్పించండి." జడ్జిగారు కాగితాల మీంచి తల ఎత్తకుండా ఒక తేదీ చెప్పేవారు. నేను వంగి దండం పెట్టి వెనక్కు వచ్చేదాన్ని. ఇంట్లో ఈ సంగతి దాచకుండా చెప్పడం నేను చేసిన మొదటి తప్పు.

"దానికి నల్లకోటు ఏంటికే?" అంది మా అత్త ఒకరోజు. "మీ మామ పొద్దున లేస్తానే స్నానానికి వాయిదా అడగడంలా? ఆయప్ప కోటేసుకుంటాడా?"

వసారాలో కూర్చున్న మామ ఆ రోజు కూడా స్నానం చేయలేదు కాబట్టి ఏమీ అనలేదు.

ఇలా ఉండగా ఒక గురువారం సాయంత్రం సీనియర్ గారు ఫైలొకటి నా ముందు పడేసి, "సోమవారం ఈ గట్టు పిటిషన్ నువ్వే వాదించమ్మా. సరిగ్గా నిలబడితే ఇకమీదట చిన్న పిటిషన్లన్నీ నీవే. నిలబడలేకపోతే ఇంకో రెండేళ్లు ఈ ఫైళ్లు మోద్దువులే" అన్నారు. యాడికి ఊరి దగ్గర ఒక రైతు చేను గట్టు పక్కచేనాయన జరిపాడని కేసు. కోర్టు ఒక కమిషనర్‌ను పంపి ఆ చేను కొలిపించాలని మా పిటిషన్. చిన్నదే. కానీ నాకు ఆ నాలుగు రాత్రులూ నిద్ర పట్టలేదు.

సరిగ్గా ఆ మరునాడే, శుక్రవారం, నా కాలరు చచ్చింది. ఆడలాయర్లు చీర మీద విడి కాలరు పెట్టుకుంటారు. మెడ చుట్టూ నిలబడే తెల్ల పట్టీ, గొంతు కింద వేలాడే రెండు తెల్ల ముక్కలు. వెనక వెల్క్రోతో అతుక్కుంటుంది. కోర్టు పక్క జిరాక్స్ అంగడిలో అమ్మే ఆ నైలాన్ సరుకు మా ఎండలకు మెడంతా దద్దుర్లు లేపుతుంది. పైగా మా దారి పొడుగునా తాడిపత్రి బండల లారీలు. బస్సు కిటికీ పక్కన కూర్చుంటే కోర్టు చేరేసరికి తెల్ల కాలరు బూడిద రంగుకు తిరుగుతుంది. దానివల్ల ఒకటే సుఖం. నాలుగు రోజులకోసారి కుళాయి వచ్చే మా వీధిలో, చీర ఉతకాలంటే బకెట్లు కావాలి, కాలరుకు ఒక చెంబు చాలు. మూడేళ్లు చెంబులో ఉతికించుకుని ఆ శుక్రవారం దాని వెల్క్రో పట్టు వదిలేసింది. కోర్టు వరండాలో నడుస్తుంటే మెడ మీంచి జారి కింద పడింది.

ఇంటికొచ్చి ఇంకొకటి కొనాలని అంటే మా అత్త చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ దరిద్రపు గుడ్డకు దుడ్లు ఏంటికి పోస్తావు? నేను కుడతా."

నేను నమ్మలేదు. నా కోర్టు సామాను ఏదీ ఆమె ముట్టుకునేది కాదు. నల్లకోటును కొక్కేనికి తగిలిస్తే, పిల్లలు జడుసుకుంటారని దాని మీద తువ్వాలు కప్పేది. అలాంటిది తనంతట తాను కుడతానంటే, నాకు సంతోషంతో పాటు కొంచెం భయం కూడా వేసింది.

ఆమె పుట్టినిల్లు ధర్మవరం. పట్టు మగ్గాల మధ్య పెరిగిన మనిషి. అంచు లేనిది, రంగు లేనిది ఆమె లెక్కలో బట్టే కాదు. కుట్టుమిషను మీద వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టింది కానీ కాలరు ఎన్నడూ కుట్టలేదు.

"సన్నంగా ఒక్క పోగు జరీ ఏస్తా. ఎవురికీ కనపడదు" అని బేరం మొదలుపెట్టింది.

"వద్దత్తా, రూలు ఒప్పుకోదు."

"జరీ చూస్తే భయపడే కోర్టా అది?"

కాలరు ఎలా ఉంటుందో తెలియాలంటే కాలరున్న చొక్కా కావాలని మామ మంచి తెల్లచొక్కా తీసి, ఒక్క మాట అడగకుండా దాని కాలరు కత్తిరించేసింది. రెండు చివర్లకు హుక్కూ కాజా వేసి నా మెడకు పెట్టింది. అద్దంలో చూసుకుంటే ఓట్లడగడానికి బయల్దేరిన మనిషిలా ఉన్నాను. మామ తన చొక్కా చూసుకుని, "కోర్టుకు పోయేది కోడలు, శిక్ష పడింది నా చొక్కాకు" అన్నాడు. ఆ బోడి చొక్కానే వేసుకుని టీ అంగడికి పోయి, ఇప్పుడు ఇదే ఫ్యాషనని అందరికీ చెప్పి వచ్చాడు.

శనివారం ఆమె పద్ధతి మార్చింది. నా పాత కాలరును కుట్లు విప్పి ముక్కలు ముక్కలు చేసి, పేపరు మీద పరిచి, చుట్టూ గీత గీసుకుంది. జాకెట్ లైనింగుకు తెచ్చిన తెల్ల నూలుగుడ్డ మిగిలితే అది పైకి. బిరుసుగా నిలబడాలని లోపల చీర ఫాలు మడిచి పెట్టింది. హుక్కులు అలవాటు కొద్దీ ముందు వైపు కుట్టి, నేను మొత్తుకుంటే ఊడదీసి వెనక్కు మార్చింది. నన్ను నిలబెట్టి, కాలరుకూ మెడకూ మధ్య తన వేలు దూర్చి చూసింది.

"ఒక వేలు దూరల్ల. నీళ్లు మింగల్ల, మాట రావల్ల. అంత వదులు చాలు."

ఆదివారం సాయంత్రానికి గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాలరు బల్ల మీద ఉంది. నిజం చెప్పొద్దూ, అంత బాగా అమరిన వస్తువు నా మెడకు అంతకుముందు ఎక్కలేదు, మంగళసూత్రంతో సహా. అది పెట్టుకుని అద్దం ముందు నిలబడి పిటిషన్ వాదించాను. మా అత్త గడప మీద కూర్చుని చివరిదాకా విన్నది.

"ఇదంతా ఎవురికి చెప్తావు?"

"జడ్జికి."

"ఆయప్ప వింటాడా?"

"వినల్ల గదా" అన్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది.

సోమవారం పొద్దున తలదువ్వుకుని బల్ల దగ్గరికి వెళ్లి చూస్తే, కాలరు ముందు వేలాడే రెండు తెల్ల ముక్కల చివరా తడి పసుపు. బొటనవేలంత మేర, నిండుగా. మా ఇళ్లలో కొత్త బట్ట ఏదైనా మూలన పసుపు పెట్టకుండా కట్టుకోరు. చీరకైతే ఆ మూల కుచ్చిళ్లలోకి పోతుంది, చొక్కాకైతే లోపలి మడతలోకి పోతుంది. కాలరుకు దాక్కునే మూల ఒక్కటీ లేదు. ఆమె బాగా వెతికి, అన్నిటికంటే కనిపించే చోట పెట్టింది.

పాత కాలరు ముక్కలై మిషను కింద పడి ఉంది. బస్సుకు ఇంకా అరగంట ఉంది. నేను సబ్బు తీసుకుని పరపరా రుద్దాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని తెలియని ఆడది మా వైపు ఉండదు, నాకూ తెలుసు. కాని భయంలో చేతులు చదువునూ అడగవు, తెలివినీ అడగవు. పచ్చగా ఉన్న రెండు మచ్చలు చూస్తుండగానే ఎర్రగా అయ్యాయి. బాగా జాడిస్తే సబ్బు పోయి కొంత తగ్గేదేమో. జాడించడానికి నీళ్లేవి? కుళాయి వచ్చేది మంగళవారం. డ్రమ్ము అడుగున మిగిలినవి చెంబుతో ముంచితే సగం చెంబు వచ్చింది.

మా అత్త వచ్చి చూసింది. "పసుపుకు సబ్బు పెడతారా ఎవురైనా?"

"అసలు నిన్నెవురు పెట్టమన్నారత్తా?" అని అరిచాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మీద అంత గొంతు ఎప్పుడూ లేవలేదు.

"కొత్త గుడ్డ ఉత్తగా ఎట్ల ఏసుకుంటావే? ఈ పొద్దు నీకు మంచి జరగల్లని పెడితిని."

తడి కాలరు చేతిలో పట్టుకుని, పోయొస్తానని కూడా చెప్పకుండా బయటపడ్డాను. బస్సులో దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని ఆరబెట్టుకుంటూ పోతుంటే, ఆ చెప్పకుండా రావడమే మచ్చల కంటే ఎక్కువగా కెలికింది. ఆమె నాకోసం చేసిన మొదటి పని అది, దానికి నేనిచ్చిన జవాబు ఇది. సిగ్గేసింది.

జిరాక్స్ అంగడి మూసి ఉంది, వాళ్లింట్లో పెళ్లట. తోటి ఆడలాయరు ఒకామె ఉంది కానీ ఆమెకూ అదే గంటలో కేసుంది, కాలరు మెడ మీంచి తీసివ్వమని ఎలా అడుగుతాను? ఆరిన కాలరే పెట్టుకున్నాను. గంజి పోయినా చీర ఫాలు పుణ్యమా అని నిటారుగానే నిలబడింది. మచ్చలు మాత్రం ఇటుకరంగులో తేలాయి.

సీనియర్ గారు నన్ను చూసి అడుగు వెనక్కేశారు. "ఇదేం వాలకమమ్మా? గొంతు కోసుకున్నట్లు ఉండావు. ఇట్లా నిలబడితే కోర్టు ఏమనుకుంటుంది? ఆ ఫైలు ఇటు తే, నేను చూసుకుంటాలే."

ఫైలు ఆయన చేతిలో పెడితే అయిపోతుంది. మూడేళ్లు అలవాటైన పనే. నా చెయ్యి సగం ముందుకు పోయింది కూడా. అక్కడ బెంచీ చివర మా రైతు, తెల్ల పంచె కట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. మొన్న ఆయనకు, సోమవారం నేనే మాట్లాడతానని గొప్పగా చెప్పాను.

"వద్దు సార్, నేనే వాదిస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కేసు పిలిచారు. నేను లేచి నిలబడ్డాను. అవతలి లాయరు నన్ను ఎగాదిగా చూసి, "మేడంకు దెబ్బ తగిలినట్లుంది సార్, కావాలంటే వాయిదా తీసుకోమనండి, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు, ఎంతో జాలిగా.

జడ్జిగారు తల ఎత్తారు. మూడేళ్లలో మొదటిసారి ఆయన కళ్లు చూశాను. ఆయన కోస్తా మనిషి.

"మెడకేమైందమ్మా?"

"దెబ్బ కాదు సార్. కొత్త కాలరని ఇంట్లో పసుపు పెట్టారు. నేను సబ్బు పెట్టాను."

హాలంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "పసుపుకు సబ్బు పెట్టకూడదండీ" అని, కళ్లజోడు సర్దుకుని, "వాయిదా కావాలా మీకు?" అన్నారు.

"వద్దు సార్. వాదిస్తాను."

"చెప్పండి."

చెప్పాను. అద్దం ముందు చెప్పిన వరసలో రాలేదు, మూడోది మొదట వచ్చింది, ఒక కాగితం ఏ పేజీలో ఉందో దొరక్క ఫైలంతా తిరగేశాను. అయినా ఆగలేదు. మధ్యలో ఆయన ఒక ప్రశ్న వేశారు. "పాత కొలతల కాగితం మీరే దాఖలు చేశారు. దాన్ని అవతలివాళ్లు కాదనలేదు. ఇక మళ్లీ కొలిపించడం దేనికి?" నా దగ్గర జవాబు ఉంది, కానీ అది మరుసటి రోజు గుర్తొచ్చింది. ఆ పూట నాకు తోచిందేదో చెప్పాను. ఆయన చివరిదాకా విని పిటిషన్ కొట్టేశారు.

బయట సీనియర్ గారు "పేజీ నంబర్లు రాసుకోవల్లమ్మా" అని మాత్రం అని వెళ్లిపోయారు. చిన్న పిటిషన్లు ఇస్తారో, ఫైళ్లు మోయిస్తారో చెప్పలేదు. రైతుకు జరిగింది చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన "అసలు కేసు ఇంగా ఉండాదిగదమ్మా" అన్నాడు. నన్నే ఓదార్చి బస్సెక్కాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. మా అత్త మిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. నా వైపు చూడలేదు. పొద్దున అరిచినందుకు ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. గడప దగ్గరే నిలబడిపోయాను.

"ఏమైందే?" అంది తల ఎత్తకుండా.

"ఓడిపోయినానత్తా."

మిషను ఆగింది. ఆమె చక్రం మీద చెయ్యి పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఓడిపోయినావా?"

"ఊ."

"అట్లయితే వాయిదా అడగల్యా నువ్వు. మాట్లాడినావన్నమాట."

నేను తల ఊపాను. ఆమె లేచి, చీర కొంగు దులుపుకుని, వసారాలోకి పోయి, మామ పక్కనే కూర్చుని ఉన్నా నాలుగిళ్ల అవతలికి కూడా వినపడేటట్టు గట్టిగా చెప్పింది.

"ఇదిగో, వింటివా? మన కోడలు ఈ పొద్దు కోర్టులో ఓడిపోయిందంట!"

పిల్లలు పరీక్ష పాసయినప్పుడు కూడా ఆమె అంత గర్వంగా చెప్పగా నేను వినలేదు.