నల్లకోడి తినని మా పిల్ల

మా అమ్మాయి పోయింది. పోయిన ఆదివారం పొద్దున్న, ఆసుపత్రిలో, జ్వరం దిగకుండానే. ఫోన్లు సరిగా కలవక యాంగోన్‌లో మనవాళ్ళకి చాలామందికి కబురు అందలేదు, అందుకని రాస్తున్నాను. రాయడం నాకు అంతగా రాదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

తను ఊరి నడుమ చౌక్తడా పేటలో ఒక లాయరు దగ్గర టైపు చేసేది. పాత మేడ, లిఫ్టు లేదు. మెట్ల మలుపు వచ్చినప్పుడల్లా వంగి చెప్పు సర్దుకునేది. చెప్పుకేమీ అయ్యేది కాదు. ఊపిరి అందక ఆగిందని ఎవరికీ తెలియకూడదని అలా చేసేది. ఒకరోజు మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి, వెనకే మెట్లెక్కితే నాకు తెలిసింది. పెదవులు చూస్తే సున్నం కొట్టినట్టున్నాయి.

పజుండౌంగ్‌లో మా వీధి చివర చైనా మందుల కొట్టు ఉంది. అక్కడి వైద్యురాలిని అందరం సయామా అంటాం. రక్తం తక్కువైన ఆడవాళ్ళు ఎక్కువగా ఆవిడ దగ్గరికే వెళ్తారు. తీసుకెళ్తే, మా పిల్ల మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంది. నాలుక చాపమంది. కంటి కింద రెప్ప లాగి చూసింది. ఎండు వేర్లూ, ఎర్రటి చైనా రేగుపళ్ళూ పొట్లం కట్టి, ఎముకలు కూడా నల్లగా ఉండే కోడితో కలిపి మట్టికుండలో కాచి తాగించమంది.

చిక్కంతా ఆ కోడితోనే. అమ్మవారి పండగ దగ్గరికొచ్చింది. మా పిల్ల ఘటం ఎత్తుతానని మొక్కుకుంది. పసుపు పూసి దీపం పెట్టిన కుండని నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరగాలి. ఎత్తేవాళ్ళు పండగ అయ్యేదాకా నీచు ముట్టరు.

"ఓలమ్మి, అమ్మోరికి మనం ఇచ్చేదే కోడి. ఆవిడ తినేది నువ్వు తింటే తప్పేటి?" అన్నాను.

"ఆవిణ్ణి ముందు తిననీ. ఆనక నాను తింతాను."

"నవ్వులాటా? నీ మొకం అద్దంలో సూసుకున్నావా?"

"సూసుకున్నాను. పౌడరు కర్సు కలిసొచ్చింది."

నవ్వొచ్చింది.

సయామాకి చెబితే ఆవిడ నవ్వలేదు. "కోడి బదులు నల్ల చిక్కుడు గింజలు వేసి కాయండి. కానీ నా మందు ఊట ఉన్న నూతికే పనికొస్తుంది. ఈ పిల్ల నాడి చూస్తే నాకు ఊట దొరకడం లేదు. ముందు ఆసుపత్రిలో రక్తం చూపించండి" అని బర్మా మాటలో గట్టిగా చెప్పింది.

"ఎల్తే పడుకోబెట్టేత్తారు. మొక్కు తీరాక ఎల్దాం," అంది మా పిల్ల. రోజూ ఇదే పోట్లాట. కషాయం మాత్రం గడగడా తాగేసి, "నీ తిట్లకన్నా తీపే" అనేది.

పండగనాడు తన వెనకే నడిచాను. అందరి కళ్ళూ దీపం మీద, నావి తన మడమల మీద. తడబడితే పట్టుకోవాలని. టైర్ల కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. సర్దుకోవడానికి కాళ్ళకి చెప్పులైనా లేవు. కుండ ఊగింది. డప్పులు ఆగిపోయాయి. ఘటాన్ని మధ్యలో నేల మీద దించకూడదు.

"అమ్మా, నీ తల ఇలాగియ్యి."

"నాను నిన్న సేపల పులుసు తిన్నానే!"

"మొక్కు నాది, తల నీది. అమ్మోరికి సెప్పేసేను. ఏగిరం పట్టు!"

ఎత్తుకున్నాను. నా కొంగు పట్టుకుని గుడిదాకా నడిచింది. గుమ్మంలో ఘటం దించగానే, "ఇప్పుడు ఎల్దాం" అని తనే అంది.

ఎముకల్లో మూలుగ రక్తం తయారు చేయడం మానేసిందన్నారు డాక్టర్లు. వెంటనే రక్తం ఎక్కించాలి, ఇచ్చేవాళ్ళని మీరే తెచ్చుకోండన్నారు. ఆ మధ్యాహ్నం కరెంటు లేదు, ఎవరికి చేసినా ఫోను కలవలేదు. మా పిల్ల గోళ్ళు తెల్లగా పాలిపోతున్నాయి. వరండాలో ఎవరి అడుగుల చప్పుడు విన్నా లేచి నిలబడ్డాను. చివరికి వచ్చింది మన డప్పులవాళ్ళే, నుదుట బొట్లు చెరక్కుండానే. గుడి దగ్గర మమ్మల్ని చూసి, అడక్కుండా వెనకాలే బయల్దేరారట. రక్తమిచ్చింది వాళ్ళే, ఆ మేలు నేను మర్చిపోను. కబురు విని సయామా కూడా వచ్చింది. నాడి చూడలేదు. కమలాపండు వొలిచి ఒక్కో తొనా నోట్లో పెట్టింది.

తర్వాత వచ్చిన జ్వరం గురించి నేను రాయలేను. రక్తం ఎక్కిన సాయంత్రం గురించి రాస్తాను. మా పిల్ల మంచం మీద లేచి కూర్చుని, రెండు అరచేతులూ కిటికీ వెలుగులో పెట్టి చూసుకుంది. లేత ఎరుపు తిరిగాయి.

"అమ్మా, గోరింటాకు ఎట్టకుండానే పండినాయి, సూడు!"

నాకు చూపించింది. పక్క మంచం ఆవిడకి చూపించింది. ఎండ కిటికీ దాటిపోయేదాకా ఆ చేతులు దించలేదు.