స్పీకర్ పెట్టెలోంచి మూడు దెబ్బలు

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. తర్వాత నవ్వితే నాకు కోపం వస్తుంది. కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఆ రాత్రి నేను తాగలేదు. జ్వరం లేదు. మా అక్క నా పక్కనే నిలబడి ఉంది. తనూ విన్నది.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఇంకా వేరుపడలేదు. నేను రాయ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేస్తూ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాణ్ణి. అక్కా బావా అదే ఊళ్లో, మోవాలో. బావ భన్‌పురిలో ఇనుప ట్యాంకులు చేసే చిన్న కార్ఖానాలో పనిచేసేవాడు. రోజంతా రేకుల మీద సుత్తి దెబ్బలు. ముందు ఒక చెవి పోయింది... తర్వాత రెండోది. డాక్టరు చేతులెత్తేశాడు.

చెవులు పోవడం ఒక ఎత్తు. బావ మాట్లాడటం మానేయడం ఇంకో ఎత్తు. తన మాట తనకే వినపడకపోతే మనిషికి నోరు తెరవబుద్ధి కాదేమో. పప్పుచారులో ఉప్పు తగ్గితే వీధంతా వినపడేలా అరిచే మనిషి, ఇప్పుడు కంచంలో ఏం పెట్టినా తినేసి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అక్క పలక మీద రాసి చూపిస్తే చదివేవాడు. జవాబు మాత్రం ఉండేది కాదు.

"తిట్టినా బాగున్నురా తమ్మూ..." అంది అక్క ఒకరోజు. "ఈ మనిషి ఇంట్లో ఉన్నాడో నేడో తెల్డం నేదు. నానొక్కదాన్నే గోడల్తో మాటాడుకుంతన్నాను."

ఆ ఏడు వినాయకుడి ఊరేగింపు వాళ్ల వీధిలోంచి వెళ్లింది. పెద్ద డోలు గుమ్మం ముందుకు రాగానే బావ టక్కున తలెత్తాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. చెవికి అందకపోయినా ఛాతీకి అందుతోందన్నమాట! బావకి ముందు నుంచీ పాటలంటే ప్రాణం. మంచి బేస్ ఉన్న స్పీకర్లు దొరికితే అరచేతులతోనైనా వింటాడు, ఒక్క మాటైనా మాట్లాడతాడు అని నా ఆశ.

దొరకాలిగా! బజారులో ఎక్కడ చూసినా రంగు లైట్ల ప్లాస్టిక్ పెట్టెలే. పైన బేస్ అని రాసి ఉంటుంది. వాయిస్తే దోమ పాడినట్టు ఉంటుంది. చివరికి భన్‌పురిలో, పాత లారీ సామాన్లు కొని అమ్మే ఒక కబాడీవాడి దగ్గర కనిపించాయి. పాతకాలం ఇళ్లలో పెట్టుకునేవి. నడుమెత్తు చెక్క పెట్టెలు రెండు. ముందు గోధుమరంగు గుడ్డ. దాని వెనక అన్నం కంచమంత స్పీకరు. కబాడీవాడు వాయించి చూపిస్తే పక్క బల్ల మీద టీ గ్లాసులు గలగలలాడాయి.

"లే జావ్ భయ్యా, దివార్ హిలా దేగా!" అన్నాడు.

గోడని కదిలిస్తుందట. మా బావా గోడలాగే ఉన్నాడు కదా అనుకుని రిక్షాలో వేసుకుని అక్కావాళ్లింటికి తెచ్చాను.

సాయంత్రం ముందుగదిలో టేప్ రికార్డరుకి వైర్లు కలిపి మృదంగం క్యాసెట్ పెట్టాను. నేల అదిరింది. బావ రెండు అరచేతులూ గుడ్డకి ఆనించాడు. కాసేపు అలాగే ఉన్నాడు... చేతులు తీసేశాడు. వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. పొద్దున్నే తిరిగి ఇచ్చేద్దామని వైర్లన్నీ పీకి, చుట్టి పక్కన పెట్టేశాను. మళ్లీ చెబుతున్నాను... పెట్టెలకి వైర్లు లేవు.

రాత్రి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. నేను ముందుగదిలోనే చాప మీద పడుకున్నాను. ఎప్పుడో మెలకువ వచ్చింది. ఏదో వినపడి కాదు... వీపు కింద నేల అదురుతోంది.

దబ్... దబ్... దబ్...

ఆగింది. చూరు నీళ్లేమో అనుకున్నాను. మళ్లీ వచ్చింది. ఈసారి చెవికే వినపడింది. మెత్తగా... లోతుగా. కళ్లు తెరిచాను. పెట్టె ముందు బావ కూర్చుని ఉన్నాడు. అరచేతులు గుడ్డకి ఆనించి, కదలకుండా. ఇంతలో అక్క చిమ్నీ దీపం పట్టుకుని వచ్చింది.

"కరెంటొచ్చీసిందేటిరా?"

రాలేదు. దీపం వెలుగులో ఇద్దరం చూశాం. బావ వేళ్లు కదలట్లేదు. గుడ్డ కదులుతోంది.

అక్క నా భుజం పట్టుకుంది. గోళ్లు దిగాయి. బావ పిడికిలి బిగించి చెక్క మీద రెండుసార్లు కొట్టాడు. తర్వాత... ఏమీ లేదు. వాన. అక్క ఊపిరి. జవాబు రాకూడదని నేను మనసులో మొక్కుకున్నాను.

దబ్... దబ్... దబ్...

బావ మావైపు తిరిగాడు. నవ్వుతున్నాడు!

"నోపలున్నాడ్రా," అన్నాడు. గొంతు తుప్పు పట్టినట్టుంది. "ట్యాంకు మూత బిగించీముందు బయట్నించి రెండు కొడతాం. నోపలెవుడైనా ఉన్నాడేటి అని. ఉంటే ఆడు మూడు కొడతాడు. నానున్నాను, మూసీకండి అని. సూడు... మూడు కొడతన్నాడు."

అన్నాళ్ల తర్వాత బావ మాట. అక్క ఏడ్చేసింది. భయంతోనో సంతోషంతోనో నాకు తెలియదు. "ఎవులు? నోపలెవులున్నారు?" అని బావ భుజం కుదిపి అడిగింది. బావ చూడనే లేదు. మళ్లీ పెట్టెవైపు తిరిగిపోయాడు. నేనూ చెయ్యి ఆనించాను. ఒక్కసారే. చల్లటి గుడ్డ వెనక నుంచి ఎవరో అరచేత్తో నా అరచేతిని తోసినట్టయింది. లాగేసుకున్నాను. తెల్లారేదాకా ఆ పెట్టె దగ్గరికి పోలేదు.

తెల్లవారాక వెనక చెక్క విప్పాను. అయస్కాంతం, దుమ్ము, కాస్త దూది. అంతే. ఎలుక అంటారా? ఎలుక అడిగినదానికి అలా లెక్కగా జవాబు చెబుతుందా? ట్యాంకు లోపల పనిచేసే బావ జతగాడు ఖిలావన్ అని ఒకడుండేవాడు. పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. ఒకవేళ చచ్చిపోయి, కొడుతున్నది వాడేమోనని వాళ్ల ఊరికి వెళ్లి మరీ చూశాను. గుండ్రాయిలా ఉన్నాడు. గేదెకి గడ్డి వేస్తూ, "మై తో జిందా హూఁ భాయ్," బతికే ఉన్నానుగా అని నవ్వాడు.

పెట్టెలు తిరిగి ఇవ్వలేకపోయాను. బావ వదల్లేదు. మర్నాటి రాత్రి కూర్చుని రెండు కొట్టాడు. జవాబు లేదు. ఆ తర్వాతా లేదు. నోరు మళ్లీ మూతపడింది. ఈసారి అన్నం కూడా మానేశాడు. కొట్టడం... చేతులు ఆనించి ఎదురుచూడటం... మళ్లీ కొట్టడం.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయాను. బావ పెట్టె ముందు ఉన్నాడు. పెట్టె వెనక, గోడకీ పెట్టెకీ మధ్య అక్క ఇరుక్కుని కూర్చుంది. బావ రెండు కొట్టాడు. అక్క వెనక చెక్క మీద పిడికిలితో మూడు కొట్టింది.

బావ ముఖం వెలిగిపోయింది. "ఉన్నావేటి? భయపడకు. మూత ఎయ్యను," అన్నాడు పెట్టెతో. పెళ్లయ్యాక అక్కతో ఒక్కరోజు కూడా అంత మెత్తగా మాట్లాడి ఎరుగడు.

నేను అక్కని పక్కకి పిలిచాను. "ఇదేం పనే? పెట్టెలో ఎవడో ఉన్నాడనుకుంటున్నాడు. నువ్వని తెలియదు."

"తెలిస్తే అన్నం తిండు," అంది అక్క. కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు తగ్గించి అంది.

"ఒక్కోపాలి నాను కొట్టకముందే... నోపల్నించి కొడతాదిరా తమ్మూ. అప్పుడు నాను చెయ్యి తీసీసి ఊరుకుంతాను. ఆయనకి తేడా తెల్దు కదా."