టర్కీలో తలూపి వచ్చాను

ఒక మనిషి తన నుదుటినీ, తల వెనక జుట్టునీ, తనని చేసుకుంటానన్న పిల్లనీ ఒకే ఒక్క అలవాటు వల్ల పోగొట్టుకోగలడా అంటే, నిక్షేపంగా పోగొట్టుకోగలడు. ఎలాగో చెబుతాను. ఆ అలవాటు పేరు తల ఊపడం. అది మీకూ ఉండే ఉంటుంది, కాబట్టి నన్ను చూసి నవ్వేముందు కాస్త ఆలోచించుకోండి.

నేను అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ని. పొద్దున్నే షిఫ్టు మొదలయ్యేముందు అరవైమందిని వరసగా నిలబెట్టి, హెల్మెట్ లేకుండా లోపలికి రావద్దనీ, పర్మిట్ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దనీ, ఏం జరుగుతోందో అర్థం కాకపోతే పని ఆపి అడగమనీ గొంతు చించుకుని చెప్పడం నా ఉద్యోగం. చెప్పేవాడు వినక్కర్లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ముప్పై దాటేసరికి నా జుట్టు నన్ను వదిలి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. నేను నేరం హెల్మెట్ మీద వేశాను. మా అమ్మ బోరునీళ్ళ మీద వేసింది. మా నాన్న తల గుండ్రాయిలా నున్నగా మెరుస్తూ ఎదురుగానే కూర్చునేది గానీ, అటువైపు మాత్రం ఎవరూ చూడలేదు.

చెయ్యని వైద్యం లేదు. ఉల్లిపాయ రసం పట్టించుకుని బస్సెక్కితే గాజువాక దాకా నా పక్క సీటు ఖాళీయే. నురగ మందు రాశాను. ఎర్ర లైట్లున్న టోపీ పెట్టుకుని గంటలు గంటలు కూర్చున్నాను. నా చేతి రక్తమే తీసి, మిషన్లో గిరగిరా తిప్పి, పైన తేలిన పసుపు నీళ్ళని సూదులతో నా తలలోకే గుచ్చించుకున్నాను. ఇంత చేసినా లాభపడింది నా దువ్వెన ఒక్కటే.

చివరికి ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అద్దం పెట్టి తలంతా చూసి, ఓపిగ్గా చెప్పింది. "బాబూ, నీ జుట్టు ఇంకా రాలే దశలోనే ఉంది. ఇప్పుడు నాటిస్తే నాటింది ఉంటుంది, చుట్టూ ఉన్నది పోతుంది. ఒక ఏడాది మాత్రలు వాడు, చూద్దాం. కొత్త మందులు వస్తున్నాయి గానీ అవి ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయి. వీడియోలు చూసి ఎక్కడికీ పరిగెత్తకు. వెనకనుంచి తీసిన జుట్టు అక్కడ మళ్ళీ మొలవదు." నేను తల ఊపాను. ఒప్పుకున్నాననుకుని ఆవిడ సంతోషించింది. విన్నాను అని మాత్రమే నా ఉద్దేశం.

ఏడాది ఆగే తీరిక నాకు లేదు. కారణం షారోన్.

మా పాస్టరమ్మగారు చూసిన సంబంధం. షారోన్ గాజువాకలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. పెళ్లిచూపులకి ముందు ఫోన్లో మాట్లాడుకోమని పెద్దవాళ్ళే అన్నారు, రెండు నెలలు మాట్లాడుకున్నాం. ఆమెకి నవ్వొస్తే ఫోన్ దూరంగా పెట్టి నవ్వేది. ఆ దూరపు నవ్వు కోసం నేను పొద్దుటినుంచీ ఫ్యాక్టరీలో జరిగే వింతలన్నీ మూట కట్టుకునేవాణ్ణి. నా బతుకులో దేన్నీ అంతగా కావాలనుకోలేదు. చిక్కల్లా నేను పంపిన ఫొటో. అది ఐదేళ్ళ నాటిది. అందులో నుదుటి మీద పడే క్రాపు ఉంది. మనిషిలో లేదు.

నూకరాజు మా షిఫ్టు ఇన్‌ఛార్జి, జాలరిపేట వాడు. నాకు ఏ వరసా కాడు, అయినా బావే. వాడితో నా బాధ చెప్పుకుంటే చిటికెలో తేల్చేశాడు.

"మా సిన్నాన్న కొడుకు ఓడల మీద తిరుగుతాడు గదా బావ. ఆడు టర్కీలో దిగి ఏయించుకున్నాడు. ఎల్లినప్పుడు గుండు, ఇంటికొచ్చినప్పుడు హీరో. నువ్వేటి ఇక్కడ ఉల్లిపాయలు రుద్దుకుంటన్నావ్?"

ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. పది రోజులు సాలన్నాడు. వాళ్ళ చిన్నాన్న కొడుకు టర్కీలో దిగిన ఏడాదికి గానీ ఇంటికి రాలేదనీ, జుట్టు మొలిచింది ఆ ఏడాదిలోననీ మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. నేను తిరిగొచ్చిన మూడు వారాలకి పెళ్లిచూపులు పెట్టించుకుని, కంపెనీ ట్రైనింగని ఇంట్లోనూ షారోన్‌తోనూ చెప్పి, విమానం ఎక్కాను.

ఇస్తాంబుల్‌లో ఆ క్లినిక్ వాళ్ళు నన్ను పెళ్ళికొడుకులా దించారు. డాక్టరుగారే దగ్గరుండి చేస్తారని ముందే మాట ఇచ్చారు. నిజమే, ఆయన వచ్చాడు. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, నవ్వి, వెళ్ళిపోయాడు. మళ్ళీ కనిపించలేదు. మిగతా పనంతా నీలం బట్టలు వేసుకున్న ముగ్గురు అమ్మాయిలది. వాళ్ళు నా ముందు ఒక కాగితాల కట్ట పెట్టారు. అక్షరాల నెత్తిన చుక్కలు, కింద తోకలు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నిటిమీదా సంతకం పెట్టాను. సరిగ్గా ఆ వేళకి అచ్యుతాపురంలో నా అరవైమందీ పర్మిట్ చదివి మరీ సంతకం పెడుతూ ఉండి ఉంటారు, ఎందుకంటే వాళ్ళకి నేను నేర్పాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కాదు అనడానికి తల అడ్డంగా తిప్పడం చాలా దేశాల్లో ఉంది. సరే అనడానికి మాత్రం మనవాళ్ళు తలని తిప్పరు, ఆడిస్తారు. ఈ చెవి ఈ భుజం వైపు, ఆ చెవి ఆ భుజం వైపు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే అదే. ఈ బస్సు కూర్మన్నపాలెం పోతుందా అంటే అదే. మన దగ్గర చంటిపిల్లలకి కూడా అర్థమవుతుంది. టర్కీలో అర్థం కాదు.

నాకు గుండు గీసేశారు. కళ్ళజోడు తీసేశారు. కళ్ళజోడు లేకపోతే నాకు ఎదుటి మనిషి ముఖం కూడా పొగమంచే. ఒకమ్మాయి పెన్నుతో నా నుదుటి పైన గీత గీసింది, ఫోన్లో అనువాదం చేసే యాప్‌కి ఏదో చెప్పింది. ఆ ఫోను తెలుగులో "గీత ఇక్కడ మంచిది?" అని అడిగింది. అంత దూరంలో తెలుగు వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చి, చెవులు భుజాలకి తగిలేలా తల ఆడించాను. ఆ అమ్మాయి ఆగింది. గీత తుడిచి ఇంకోటి గీసింది. ఫోను మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ ఆడించాను. అలా నాలుగుసార్లు. ఎంత మర్యాదస్తులు, ఎన్నిసార్లు అడిగి చేస్తున్నారో అని లోపల మురిసిపోయాను కూడా. ఆఖరికి ఆ పిల్ల నిట్టూర్చి, పక్కపిల్లతో ఏదో అని, మత్తు సూది గుచ్చింది.

మర్నాడు కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైన మొదలైంది నా కొత్త జుట్టు. నుదురు అనే భాగం నా ముఖంలోంచి మాయమైపోయింది. అంత చేను నాటడానికి నారు కావాలి కదా, అదంతా వెనకనుంచి పీకారు. నా వెనకతల ఎలకలు కొట్టిన గోనెసంచిలా ఉంది. క్లినిక్‌కి ఫోన్ చేసి నిలదీస్తే, అక్కడ ఫోనెత్తినతను ఇంగ్లీషులో చాలా చల్లగా చెప్పాడు. గీత గీసిన ప్రతిసారీ నేను వద్దన్నట్టు తల తిప్పానట. ఇంకా కిందికి కావాలి కాబోలని వాళ్ళ పిల్లలు దింపుకుంటూ వచ్చారట. సంతకం కూడా పెట్టారు కదా అన్నాడు.

విశాఖలో దిగేసరికి నుదుటి వాపు కళ్ళ మీదికి దిగింది. మా అమ్మ తలుపు తీసి ఎవరు కావాలండీ అంది. ఇక ఆవిడ దగ్గర దాచలేక నిజం చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. మన ఉక్కకి తలంతా చీము పొక్కులు. మళ్ళీ ఆ డాక్టరమ్మే దిక్కయింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. మందులు రాసిచ్చి, నాటిన వెంట్రుకలు మూడు వారాల్లో రాలిపోతాయనీ, మళ్ళీ మొలవడానికి నెలలు పడుతుందనీ, కంగారుపడొద్దనీ చెప్పింది. మూడో వారంలో నా పెళ్లిచూపులని ఆవిడకి తెలియదు.

టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. గేటు దగ్గర హెల్మెట్ కోసం టోపీ తియ్యక తప్పలేదు. సెక్యూరిటీ సన్యాసిరావు నా గుండు చూసి చేతులు జోడించాడు.

"ఏటి సార్, సింహాచలం ఎల్లొచ్చేరా? మొక్కు తీరిపోనాదా?"

విశాఖపట్నంలో గుండుకి ఇంకో అర్థం లేదు. మాది తాతముత్తాతల నాటినుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది నేనే. అయినా టర్కీ అంటే ఫ్యాక్టరీ అంతా పడి నవ్వుతుంది, సింహాచలం అప్పన్న అంటే దణ్ణం పెడుతుంది. నేను తల ఊపాను.

మధ్యాహ్నానికి నా మొక్కు కబురు షెడ్డంతా పాకిపోయింది. సాయంత్రం నూకరాజు నన్ను పక్కకి లాగి, "గుండయితే ఉంది, మరి పెసాదం ఏదంటన్నారు బావ. పంచకపోతే అనుమానపడతారు" అన్నాడు. మర్నాడు వాడే కొండకి వెళ్ళి, భక్తిగా దర్శనం చేసుకుని, నా జుట్టు బాగా రావాలని నా పేరున దణ్ణం కూడా పెట్టుకుని, ప్రసాదం తెచ్చాడు. వాడి తప్పేం లేదు, స్నేహం కొద్దీ చేశాడు. సేఫ్టీ మాటలు చెప్పే చోటే నిలబడి అరవైమందికీ నా చేత్తో పంచాను. ఆ అరవైమందిలో ఒకతను షారోన్ వాళ్ళ చర్చిలో తబలా వాయిస్తాడు.

పెళ్లిచూపుల నాటికి డాక్టరమ్మ చెప్పినట్టే నాటినదంతా దిండు మీద రాలిపోయింది. పాస్టరమ్మగారూ, అమ్మా, నేనూ వెళ్ళాం. షారోన్ ఎదురుగా కూర్చుంది. ఫోన్లో గొంతు కన్నా మనిషి ఇంకా బాగుంది, నాకేసి చూసి కొంచెం నవ్వింది కూడా. ఆమె నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. టీ తాగాక, గొంతు సవరించుకుని అడిగారు.

"బాబూ, మీరు సింహాచలం ఎల్లి తలనీలాలిచ్చేరని మా చర్చి అబ్బాయి సెప్పాడు. ఎవరి దేవుడు ఆళ్ళకి గొప్ప, నాను తప్పు పట్టట్లేదు. కానీ ముందే మాతో ఒక మాట సెప్పాలి గదా. నిజవేనా?"

పాస్టరమ్మగారు కప్పు కింద పెట్టేశారు. అమ్మ నా మోచేతిని గట్టిగా పొడిచింది, చెప్పరా అన్నట్టు. ఉన్నవి రెండే దారులు. నాది బట్టతల, దాన్ని దాచడానికి టర్కీ దాకా వెళ్ళి పాడుచేసుకొచ్చాను అని షారోన్ ముందు చెప్పడం ఒకటి. రెండోది చాలా సులువు, నోరు కూడా తెరవక్కర్లేదు.

తల ఊపాను.

లేచేముందు పాస్టరమ్మగారు చేసిన ప్రార్థన అర నిమిషంలో అయిపోయింది. సంబంధం వద్దన్నారని వారం తర్వాత ఆవిడే కబురు చేశారు.

అప్పుడు, అన్నీ అయిపోయాక, నాకు మాటలు వచ్చాయి. షారోన్‌కి ఫోన్ చేసి టర్కీ నుంచి ప్రసాదం దాకా ఏదీ దాచకుండా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. చెప్పొద్దూ, నవ్వితే చాలు దారిలో పడిపోతామని ఆశపడ్డాను. ఆమె చివరిదాకా విని, నెమ్మదిగా అంది.

"ఫొటో పాతదని నాకు మొదట్నించీ తెలుసండి. మీ ఫ్యాక్టరీ సేఫ్టీ మీటింగు ఫొటోలు మా చర్చి అబ్బాయి దగ్గర్నించి మా తమ్ముడు తెచ్చి చూపించాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆ తల చూసే నాన్నకి సరే అన్నాను. మీరే చెప్తారని రెండు నెలలు చూశాను."

"మరి ఇప్పుడైనా చెప్పాను కదా షారోన్ గారూ" అన్నాను.

"మా నాన్న అడిగితే, బట్టతలని ఒప్పుకోలేక దేవుణ్ణే మార్చేసుకున్నారు. దేవుణ్ణి మార్చినవారికి నన్ను మార్చడం ఎంతసేపండి?"

ఫోన్ పెట్టేసింది. నిరుడు ఆమె పెళ్ళయింది. పెళ్ళికొడుకుది బట్టతలేనని పాస్టరమ్మగారు నాకు ప్రత్యేకంగా చెప్పారు, ఎందుకు చెప్పారో తెలియదు.

జుట్టు మొలిచింది లెండి. కనుబొమ్మల పైన రెండు వేళ్ళకే గుబురుగా, బ్రష్షు కుచ్చులా వరసగా మొలిచింది. వెనక మాత్రం మొలవలేదు, మొలవదు. ముందునుంచి చూస్తే కుర్రాణ్ణి, వెనకనుంచి చూస్తే వాడి తాతని. ఆ క్లినిక్ వాళ్ళ మీద నాకు ఒళ్ళు మంట ఉంది, వాళ్ళు మనిషి తలని కొబ్బరికాయ లెక్కన చూశారు. కానీ నాలుగుసార్లు అడిగారు, అదీ నిజమే. షారోన్ అయితే రెండు నెలలు అడిగినట్టే లెక్క. నోరున్నది నాకే, తెరవనిదీ నేనే. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ చేదుగానే ఉంటుంది.

కనుక నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, చదివి అర్థం చేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెళ్లిచూపులకి వెళ్ళినా గుమ్మంలోంచి వీపు లోపలికి, ముఖం వీధివైపు పెట్టి వెనక్కి నడుస్తాను. ముందు నా వెనకతల చూపించి, ఇదీ నేను అని నోటితో చెప్పి, లోపలివాళ్ళు కూర్చోమంటేనే ఇటు తిరుగుతాను. ఇప్పటికి మూడిళ్ళకి అలా వెళ్ళాను. మూడు ఇళ్ళ వీధులూ బాగా గుర్తున్నాయి.