అద్దంలో చున్నీ లేని ఆడమనిషి

నాకప్పుడు నలభై ఆరేళ్లు. నడుము నొప్పి మొదలై రెండేళ్లయింది. వంగితే నడుము విరిగిపోతుందన్న భయంతో, చెంచా కింద పడినా మా వారినే తీసిమ్మనేదాన్ని.

మన్సూరాబాద్ నుంచి ఆయన్ను వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరమ్మ ముందుగా ఒక కాగితమిచ్చి నా వీపు బొమ్మ గీయమంది. భుజాలు గీశాను, తుంటి గీశాను. మధ్యలో ఏం గీయాలో తోచక ఖాళీగా వదిలేశాను.

తర్వాత, లేనిది ఎదురుగా ఉన్నట్టే చూపించే వీఆర్ హెడ్‌సెట్ కళ్లకు కట్టింది. ఎదురుగా ఒక అద్దం, అందులో కండలు తిరిగిన ఆడమనిషి. నేను చెయ్యెత్తితే తనూ ఎత్తుతోంది.

"గామె మీరేనమ్మా. జర మంచిగ చూడుండ్రి" అంది డాక్టరమ్మ.

చూశాను. ఆమె ఒంటి మీద స్లీవ్‌లెస్ బనియనే, చున్నీ లేదు! గదిలో మగ పేషెంట్లు కూడా ఉన్నారు. కంగారుగా భుజం తడుముకుంటే నా చున్నీ నిజంగానే జారిపోయింది. గబుక్కున వంగి, నేల మీద తడిమి, తీసి కప్పుకున్నాను.

"మీరు వంగిన్రమ్మా!" అని అరిచింది డాక్టరమ్మ.

హెడ్‌సెట్ తీసి చూస్తే, చున్నీ అందివ్వబోయిన మా వారు సగం వంగి అలాగే ఆగిపోయి ఉన్నారు. "నువ్వే తీసుకున్నావేంటే?" అన్నారు.

నొప్పి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ రోజు మాత్రం నా కాగితం మళ్లీ అడిగి తీసుకుని, ఖాళీగా వదిలిన చోట నడుము గీసి ఇంటికొచ్చాను.