మా అత్తయ్యగారు ఒక్క మాటా అనలేదు

నిరుడు నవంబరు మొదటి ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. గడియారాలు గంట వెనక్కి తిప్పిన రోజు. ఆ సంగతి మరిచిపోయినవాళ్ళు పిల్లల్ని గంట ముందే దింపి వెళ్ళారు, అందుకే నాకు బాగా గుర్తు.

అమెరికాలో మేముండే నోవై ఊళ్ళో, మా తెలుగు సంఘం హాలు వెనక గదిలో ఆదివారాలు ఆరుగురు ఆడవాళ్ళం పిల్లలకు తెలుగు చెప్పేవాళ్ళం. తొమ్మిదేళ్ళ కిందట మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో ఏడుగురితో నేను మొదలుపెట్టిన బడి అది. అప్పటికి నలభై ఒక్కమంది అయ్యారు. సంఘం కార్యదర్శి కాఫీ కప్పుతో వచ్చి, నిలబడే చెప్పాడు. జనవరి నుంచి ఫీజు ఉంటుంది. పుస్తకం మారుతుంది. ఎవరు ఏ తరగతికి చెప్పాలో కమిటీ చూసుకుంటుంది.

"ఎవరు నిర్ణయించారు నాయనా ఇదంతా?"

"కమిటీ, ఆంటీ. లాస్ట్ వీక్ కాల్‌లో ఫైనల్ చేశాం."

"కమిటీలో మా ఆరుగురిలో ఎవరున్నారు?"

"మీ ఇళ్ళల్లో మగవాళ్ళు ఉన్నారు కదా ఆంటీ! అసలు ప్రెసిడెంటే మీ అల్లుడుగారు. ఇంకేం కావాలి మీకు?" అని నవ్వి, కప్పు మా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నేను తెనాలిలో ఇరవై తొమ్మిదేళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి కారణాలు అయిదు రాస్తే అయిదు మార్కులు. అందులో ఒకటి పిల్లలు ఎప్పుడూ మరిచిపోయేవాళ్ళు. మాకు ఓటు లేకుండా పన్నేమిటని వలసలవాళ్ళు అడిగితే, పార్లమెంటులో ఉన్నవాళ్ళు అందరి తరఫునా ఉన్నట్టే, మీ తరఫున కూడా, అని లండన్ జవాబిచ్చింది. ఆ పాయింటు రాయనివాళ్ళకు నేను నిర్దాక్షిణ్యంగా ఒక మార్కు కోసేదాన్ని. కాఫీ కప్పు పెట్టిన మరక తుడుస్తుంటే అది గుర్తొచ్చింది.

మా వాళ్ళు ఆ రోజే మానేద్దామన్నారు. నేనే ఆపాను. "మా అల్లుడికి తెలిసి ఉండదు. కుర్రాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చేసుంటారు. ఆయన చెవిన పడితే సర్దేస్తారు" అన్నాను. బోస్టన్‌వాళ్ళూ పదేళ్ళు అలాగే అనుకున్నారు. రాజుగారు మంచివారే, మంత్రులే చెడ్డవాళ్ళని.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. అల్లుడితో అత్తగారు ఎదురుగా నిలబడి ఏదీ అడగదు. మా అమ్మ మా ఆయనతో తలుపు వెనక నుంచే మాట్లాడింది. ఇక్కడ తలుపు వెనక నిలబడే పని లేదు గానీ, పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఆయనతో "భోజనం చేశారా బాబూ" తప్ప నేను అన్నది తక్కువ. ఏదున్నా అమ్మాయి ద్వారానే. ఇదీ అమ్మాయికే చెప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు, మాట మాట అప్పగించి.

"చెప్పావా?"

"చెప్పానమ్మా. చూస్తానన్నారు."

ఆ 'చూస్తానన్నారు'ని తీసుకెళ్ళి అయిదుగురి ముందూ పెట్టేదాన్ని.

జనవరిలో ఫీజు తీసేశారు. మేం పాయసం వండుకున్నాం. మర్నాడు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: ఫీజు ప్రస్తుతానికి లేదు, బడికి సంబంధించిన ఏ నిర్ణయమైనా కమిటీదే. 1766లో వలసల మీద స్టాంపు పన్ను ఎత్తేసిన రోజే పార్లమెంటు కూడా, మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాదేనని ఇలాంటి చట్టమే ఒకటి చేసి పెట్టుకుంది. మాలో కరీంనగర్ అమ్మాయి మెసేజ్ చదివి ఫోను బోర్లించింది.

"పైసలదేమున్నది పెద్దమ్మా! మమ్ముల ఒక్క మాట అడిగిండ్రా? గదీ లొల్లి."

అప్పుడు వాళ్ళకు టీ సంగతి చెప్పాను. పన్ను కలుపుకున్నా ఆ టీ అంతకు ముందుకంటే చవకే. అయినా 1773లో బోస్టన్‌వాళ్ళు మూడు వందల నలభై రెండు పెట్టెల టీ సముద్రంలో పోశారు.

"గట్లయితే మనమేం పారబోద్దాం పెద్దమ్మా?"

"పారబోయడం దేనికి? ఉగాదికి వండకపోతే చాలు."

అందరూ నవ్వారు. ఏటా సంఘం ఉగాదికి మూడు వందల మందికి పులిహోర, పచ్చడి మా ఆరుగురి చేతి మీదే జరిగేవి. నవ్వాను గానీ, అంతదాకా రాదనే నా నమ్మకం.

మార్చి రెండో ఆదివారం సంఘం సర్వసభ్య సమావేశం. మా అల్లుడు మైకు తీసుకున్నారు.

"లేడీస్‌కి కంప్లైంట్స్ ఉన్నాయని గ్రూపుల్లో చూస్తున్నాను. నాకైతే ఒక్కటీ రాలేదు. ఆ స్కూల్ స్టార్ట్ చేసింది మా అత్తయ్యగారు. మా ఇంట్లోనే ఉంటారు. ఆవిడ నాతో ఒక్క మాటా అనలేదు. సో, ఇష్యూ ఏమీ లేదు."

చప్పట్లు కొట్టారు. అయిదుగురూ తల తిప్పి నా వైపు చూశారు. ఆయన అన్నది అబద్ధం కాదు. అదే నన్ను కోసింది. నా పక్కనే కూర్చున్న మా అమ్మాయి పర్సు జిప్పు తీస్తూ, వేస్తూ ఉంది.

ఇంటికి వస్తుంటే కారులో, వెనక సీట్లోంచి, మొదటిసారి ఆయన్నే అడిగాను.

"మూడుసార్లు చెప్పించాను బాబూ. మీకు అందలేదా?"

"మీరు నాతో అనలేదు కదండీ అత్తయ్యగారూ. మీకేది వీలైతే అది చేయమని మీరన్నట్టు తనే చెప్పింది."

"ఏమ్మా?"

అమ్మాయి అద్దంలోంచి బయటకు చూస్తూ అంది. "నువ్వన్నవన్నీ అలాగే చెబితే ఇంట్లో ఉండగలమా అమ్మా? బడి ఎవరు నడిపితే ఏం, నువ్వు చెప్పుకుంటున్నావుగా!"

1775లో వలసలవాళ్ళు రాజుగారికి చివరి విన్నపం పంపితే ఆయన దాన్ని తీసుకోనే లేదు. వాళ్ళ విన్నపం లండన్ దాకా వెళ్ళనైనా వెళ్ళింది. నాది వంటింట్లోంచి హాల్లోకి కూడా వెళ్ళలేదు.

ఉగాదికి మేం పొయ్యి వెలిగించలేదు. రాజుగారు యుద్ధానికి జర్మనీ నుంచి కిరాయి సిపాయిల్ని తెచ్చుకున్నట్టు సంఘంవాళ్ళు కేటరింగ్ తెప్పించారు. పచ్చడిలో వేపపువ్వు లేదట, పంచదార వేశారట. ఆ వచ్చే ఆదివారం నుంచి కరీంనగర్ అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో మా బడి మేం పెట్టుకున్నాం. ఏ పుస్తకం చదివించాలో చేతులెత్తి నిర్ణయించుకున్నాం. కొందరు తల్లులు ఇప్పటికీ నన్ను చూస్తే మాట ఆపేస్తారు, ప్రెసిడెంటు అత్తగారినని. సంఘంవాళ్ళు ఇల్లు చీల్చిన మనిషినంటారు.

మా ఆరుగురిలో ఒకామె సంఘంలోనే ఉండిపోయింది. నలభై ఒక్కమంది పిల్లల్లో మాతో వచ్చింది పందొమ్మిది మంది. పద్నాలుగు మంది అక్కడే ఉన్నారు. ఎనిమిది మంది రెండు చోట్లా మానేశారు. ఆ ఎనిమిది మందిలో మా మనవరాలు ఒకతి; ఇంట్లో గొడవ వద్దని మా అమ్మాయే మాన్పించింది.