పరీక్షలో ఉన్న కుర్చీలు

పెద్ద టీచరమ్మ ఏ వస్తువునీ ఒక పట్టాన కొనదు. ముందు శాంపిల్ చూస్తుంది. చూడ్డమంటే మనలా అటొకసారి ఇటొకసారి తిప్పి చూడ్డం కాదు. ఇంటికి పట్టుకెళ్ళి, వాడి, కడిగి, ఎండలో పెట్టి, వానలో తడిపి, పక్కింటివాళ్ళకి అరువిచ్చి, వాళ్ళేమంటారో విని, మళ్ళీ మొదటికొస్తుంది. ఆవిడ అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలీదు. శాంపిల్ టీచరమ్మ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

పళ్ళ బండతను ఆవిణ్ణి దూరాన్నుంచి చూడగానే ఒక పండు కోసి పట్టుకుని ఎదురొస్తాడు.

"ఇదిగోనమ్మా, తమరి శాంపిల్. తినేసి వెళ్ళండి. కొనకపోయినా ఫర్వాలేదు, మీరిక్కడ నిలబడితే నాకు బేరాలు ఆగిపోతున్నాయి."

"తియ్యగానే ఉందయ్యా. కానీ ఒక్క పండు తిని తోట సంగతి ఎలా చెప్తాం? ఇంకోటి కొయ్యి."

బస్సు నడిపి రిటైరైన ఆవిడ భర్త ఈ మాట వచ్చినప్పుడల్లా నిట్టూరుస్తాడు. "మా పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. నన్ను ఖాయం చేసుకుందో, ఇంకా శాంపిల్ కిందే ఉంచిందో ఇప్పటిదాకా తేల్చలేదు. అడిగితే, తొందరేముందండీ, చూస్తున్నాగా అంటుంది."

ఇలాంటివి విని ఊరంతా పడీపడీ నవ్వేది. నవ్వు రానిది ఒక్క బడి గుమాస్తాకే. ఆవిడ సరదా సాగేది అతని సంతకం మీద. పట్టుబడితే పోయేది అతని ఉద్యోగం.

ఆ బడి సర్కారు బడి. సర్కారు బళ్ళో సుద్దముక్కలు దాటి ఏం కావాలన్నా పెద్దాఫీసుకి రాయాలి. పెద్దాఫీసు అన్ని బళ్ళ కోరికలూ ఒక మూట కట్టి, అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికి ఆర్డరిస్తుంది. వస్తువు ఎలా ఉందని ఎవరూ అడగరు. అడిగినవాడికి అందులో ఏదో ముడుతోందని మిగతావాళ్ళకి అనుమానం. టీచరమ్మ ఆ బడికి కొత్తగా వచ్చినప్పుడు కుర్చీల కోసం రాస్తే, రాసిన సంగతి అందరూ మర్చిపోయాక లారీలో దిగాయి. ఎవరిని కొలిచి చేశారో గానీ అన్నీ ఒకటే సైజు. చిన్నపిల్లల కాళ్ళు నేలకి అందవు, పెద్దపిల్లల మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆ ఏడు వానలకే కాళ్ళు ఒక్కొక్కటీ ఊడొచ్చాయి. ఒక కుర్చీ కూలి ఓ పిల్ల మోచెయ్యి చీరుకుపోయేసరికి టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఈ చెత్తంతా వెనక్కి పంపించు. మంచివి మనమే కొందాం."

"కొనకూడదమ్మా! రూలొప్పుకోదు," అన్నాడు గుమాస్తా. నమ్మకం కలిగించడానికి రూళ్ళ పుస్తకం తెచ్చి మొదటినుంచీ చదివాడు. ఎక్కడో మధ్యలో ఒకటి తగిలింది. వర్తకులు తమ సరుకులో రకానికి ఒక్కటి, శాంపిల్‌గా, ఉచితంగా బడికి పంపవచ్చు. పరీక్ష పూర్తయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి.

"ఆ పరీక్ష ఎన్నాళ్ళలో పూర్తి చెయ్యాలి?" అంది టీచరమ్మ.

గుమాస్తా పేజీ తిప్పి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. "అదేం రాయలేదమ్మా."

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. తన నోరు పడిపోనూ, ఆ ఒక్క రూలూ ఎందుకు చదివానా అని గుమాస్తా ఆనాటినుంచీ ఏడుస్తూనే ఉన్నాడు.

ఆవిడ చుట్టుపక్కల ఊళ్ళలో కుర్చీలు చేసే ఏ షావుకారునీ వదల్లేదు. తలా ఒకటి పంపమంది. పెద్ద ఆర్డరు వస్తుందన్న ఆశతో వాళ్ళు పంపారు. చెక్కవి, ఇనపవి, ప్లాస్టిక్‌వి, చేతులున్నవి, లేనివి, ఒకటైతే గిరగిరా తిరిగేది. గదిలో ఏ రెండు కుర్చీలూ ఒకలా ఉండవు. పంకాలు మూడు, మూడూ మూడు రకాల చప్పుడు చేస్తాయి. నీళ్ళ ఫిల్టరు కూడా శాంపిలే.

ఒక షావుకారు కొన్నాళ్ళు చూసి, ఉండబట్టలేక బడికొచ్చాడు.

"అమ్మా, కుర్చీ ఇచ్చి రెండేళ్ళయింది. ఆర్డరు సంగతి..."

"పరీక్ష జరుగుతోంది బాబూ."

"కుర్చీకి రెండేళ్ళ పరీక్షేంటమ్మా?"

"పిల్లలకి ఏటేటా పెడుతున్నాం. వాళ్ళేమైనా పారిపోయారా?"

"పోనీ, పాసయ్యేట్టు ఉందా?"

"బాగానే రాస్తోంది. కానీ ఇది చేతుల్లేని రకం కదా, చేతులున్నది కూడా పక్కనుంటే పోల్చి చూడొచ్చు. కాస్త పొట్టిది. ఇదిగో, ఈ పిల్ల మోకాలి ఎత్తుకి సరిపోవాలి." ఆవిడ అప్పటికే టేపు తీసి, ముందువరసలో పిల్లని నిలబెట్టి కొలిచేస్తోంది.

ఒకటి విడిపించుకుందామని వచ్చినవాడు ఇంకోటి అప్పగించి వెళ్ళాడు. దారిలో గుమాస్తా చెయ్యి పట్టుకుని, "ఏం మాయ చేసిందయ్యా మీ అమ్మగారు?" అని అడిగాడు. గుమాస్తా పాపం ఏం చెప్తాడు! నెలనెలా ప్రతి కుర్చీ పేరునా "పరీక్ష కొనసాగుతున్నది" అని రాసి రాసి అతనికి నిద్దట్లో కూడా ఆ ముక్కే వచ్చేది.

ఎన్నాళ్ళు దాగుతుంది? ఓ పొద్దున ఇన్‌స్పెక్టరు దిగాడు. గది గుమ్మంలో నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది బడా అమ్మా, కుర్చీల ఎగ్జిబిషనా?"

"బడే సార్. కూర్చోండి. అది వద్దు, అది మూడో తరగతిది, కిందికుంటుంది. ఇది తీసుకోండి, మీ నడుముకి బావుంటుంది."

ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. బాగానే ఉన్నట్టుంది, కాసేపు లేవలేదు. లేచాక మాత్రం ఉన్నమాట చెప్పేశాడు. పరీక్ష పేరుతో ఇన్నేళ్ళు సరుకు ఉంచుకోవడం కుదరదు. నెలాఖరుకల్లా అన్నీ ఎవరివి వాళ్ళకి వెళ్ళిపోవాలి. సొంతంగా కుర్చీల్లేని బళ్ళని మూసి పక్క బళ్ళో కలిపేస్తున్నారు. దీని పక్క బడంటే పెద్దరోడ్డు అవతలిది.

"ఆ రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో చూశారా సార్? ఒకటో తరగతి పిల్లలు దాటగలరా?"

"నేనేం చెయ్యనమ్మా? రూలు నేను రాయలేదు."

"అయితే రాసినాయన దగ్గరికే వెళ్తా," అంది టీచరమ్మ.

మర్నాడే బయల్దేరింది. బడి సహాయ టీచరుకి అప్పగించి, ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో కుర్చీ. గుమాస్తా కూడా వెంట బయల్దేరాడు.

"కుర్చీ ఎందుకమ్మా?"

"ఆఫీసు వరండాలో వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఏం లేదు. దీన్ని అక్కడ కూడా పరీక్షించినట్టుంటుంది."

పెద్దాఫీసులో డైరెక్టరు మీటింగులో ఉన్నారన్నారు. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మర్నాడు కేంపుకి వెళ్ళారన్నారు. ఆవిడ మళ్ళీ కూర్చుంది. ఇలా వారం తిరిగేసరికి కాళ్ళనొప్పుల ముసలాయన ఒకాయనకి కుర్చీ ఇచ్చి తను నిలబడింది. అది చూసి ఆఫీసువాళ్ళకే సిగ్గేసి ఆవిణ్ణి లోపలికి పంపారు. వెనకే గుమాస్తా, పిల్లిలా.

డైరెక్టరు చెడ్డవాడేం కాదు, భయస్తుడు. అంతా విన్నాడు. "మీ బాధ నాకు తెలుసమ్మా. బడికి కావలసింది బడే చూసి కొనుక్కుంటే మంచిదే. కానీ రూలు మారిస్తే అన్ని బళ్ళకీ మార్చాలి. రేపు అది బెడిసికొడితే? ఎవడైనా తినేస్తే? నా మెడకి చుట్టుకుంటుంది."

"అన్ని బళ్ళకీ ఎవరిమ్మన్నారు సార్? ఒక్కటివ్వండి."

"ఒక్కటేమిటి?"

"కొత్త రూలు. శాంపిల్. మా బళ్ళో పెట్టి చూస్తాం."

గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. డైరెక్టరు ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టాడు. ముల్లును ముల్లుతోనే తియ్యాలంటారు. రూళ్ళ పుస్తకంలో శాంపిల్ ఒప్పుకున్నాక, శాంపిల్ రూలు కాదనడానికి ఆయనకి దారి దొరకలేదు.

ఆ సాయంత్రానికే ఉత్తర్వు చేతికొచ్చింది. ఒక హద్దు వరకూ పెద్దాఫీసు ఇచ్చే డబ్బుతో టీచరమ్మా, పిల్లల తల్లిదండ్రులూ కలిసి కూర్చుని, నచ్చిన చోట, మన్నేదాన్ని చూసి కొనుక్కోవచ్చు. తక్కువ ధరే కొనాలని లేదు. కొన్న ప్రతిదాని ధరా బడి గోడమీద అందరికీ కనబడేట్టు రాయాలి. ఇక శాంపిళ్ళు కుదరవు. ఉన్నవాటికి డబ్బు కట్టడమో, తిరిగివ్వడమో. గడువు ఏడాది, పరీక్ష అవకపోతే పొడిగిస్తారు. బాగుందని ఆవిడ రాసిస్తే గానీ మిగతా బళ్ళకి ఇవ్వరు.

టీచరమ్మ షావుకార్లందర్నీ పిలిచి, తల్లిదండ్రుల ఎదుట బేరానికి కూర్చుంది.

"వాడిన కుర్చీకి కొత్త ధర ఎవరిస్తారయ్యా?"

"వాడింది మీరే కదమ్మా!"

"అందుకే చెప్తున్నా. ఎంత వాడామో నాకంటే ఎవరికి తెలుసు?"

చచ్చీ చెడీ బేరం కుదిరింది. అసలు ఏమీ రాదనుకున్న షావుకార్లు ఎంతో కొంత ముట్టినందుకు సంతోషంగానే వెళ్ళారు. బడికి సొంత కుర్చీలయ్యాయి. మూసేసే బళ్ళ జాబితాలోంచి పేరు కొట్టేశారని ఇన్‌స్పెక్టరే స్వయంగా వచ్చి చెప్పాడు. పోతూ పోతూ గుమాస్తా చెవిలో, "మీది శాంపిల్ బడి కాబట్టి డబ్బు ధారాళంగా వస్తుంది. ఆవిడ పద్ధతి తెలుసుగా, పరీక్ష పదేళ్ళు సాగదియ్యనియ్యి," అన్నాడు.

గుమాస్తాకి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆవిడ జబ్బు మొదటిసారి అక్కరకొచ్చింది! బల్లలు, పుస్తకాల బీరువాలు, వరండాకి కొత్త కప్పు, అన్నీ మనసులో కొనేశాడు. నెల తిరిగేసరికి టీచరమ్మ పిలిచింది.

"రాయి నాయనా. పరీక్ష పూర్తయింది. రూలు బాగుంది. అన్ని బళ్ళకీ ఇవ్వవచ్చు."

గుమాస్తా చేతిలో కలం ఆగిపోయింది. "అమ్మా! ఏడాది గడువుంది!"

"ఉంటే?"

"అందరికీ ఇస్తే డబ్బు అందరికీ పంచుతారు. మనకొచ్చేది చారెడు. వరండా కప్పు మాటేమిటి? జీవితంలో ఒక్క పరీక్షా పూర్తి చెయ్యలేదు మీరు. ఇదొక్కటీ పూర్తి చేస్తారా?"

"నిన్న పెద్దరోడ్డు దాటి ఆ బడికెళ్ళాను. లెక్కల్లో కుర్చీలున్నాయి గానీ కాళ్ళూడి మూలపడ్డాయి, పిల్లలు చెమ్మ నేల మీద గోనెలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళ హెడ్మాస్టరు నన్ను చూసి, ఆ రూలు మాకెప్పుడొస్తుందమ్మా అన్నాడు. నేను తేల్చేదాకా రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మన పిల్లలు కూర్చున్నారు కదయ్యా. వరండా కప్పు నిదానంగా వేసుకుందాం. రాయి, బస్సు టైమవుతోంది."

గుమాస్తా రాశాడు. ఇద్దరూ బస్సెక్కారు. ఈసారి డైరెక్టరు వెంటనే లోపలికి పిలిచి, కాగితం చదివి, ఆశ్చర్యంగా తలెత్తాడు.

"ఏడాది గడువిస్తే నెలకే తేల్చేశారా? మీరు ఒక్కో కుర్చీనీ ఏళ్ళ తరబడి పరీక్షించారని ఇన్‌స్పెక్టరు చెప్పాడే!"

"కుర్చీదేముంది సార్, కూర్చున్న నిమిషానికే తెలిసిపోతుంది."

గుమాస్తా తాను ఎక్కడున్నాడో మర్చిపోయాడు. "నిమిషానికే తెలిస్తే ఇన్నేళ్ళూ నాచేత నెలనెలా ఎందుకు రాయించారమ్మా?"

"తేలిందంటే తిరిగిచ్చెయ్యాలి కదా నాయనా. కూర్చున్న పిల్లల్ని ఎలా లేపను?"

డైరెక్టరు నవ్వుతూనే సంతకం పెట్టాడు. గుమాస్తా కోపం తెచ్చుకుందామని శతవిధాలా చూశాడు గానీ, అతనికీ నవ్వొచ్చేసింది.